తాతకు ఒక రేక కల్లు

మొన్న ఆదివారం సూర్యాపేట దాటాక హైవే పక్కన కొత్తగా పెట్టిన ఒక హోటల్లో టీ తాగుదామని ఆగాను. పాతకాలం ఇల్లులా కనిపించాలని కాబోలు, గుమ్మం దగ్గర ఎడ్లబండి చక్రం ఒకటి ఆనించి, గోడకు చాటలు తగిలించి, మెట్ల పక్కన ఒక విసుర్రాయి పెట్టారు. జొన్నలు పోసే నడిమి రంధ్రంలో ప్లాస్టిక్ గులాబీలు గుచ్చారు. నేను దాన్నే చూస్తూ నిలబడితే టీ తెచ్చిన అమ్మాయి, "ఫొటో దిగుతరా మేడం, అందరు దిగుతరు" అంది. నాకు నవ్వాగలేదు. ఆ రంధ్రంలో పెట్టాల్సింది పువ్వులు కాదమ్మా, కర్పూరం అనబోయి ఊరుకున్నాను. అంటే ఎందుకో చెప్పాలి, ఎందుకో చెప్పాలంటే మా అత్త మోకాళ్ళ దగ్గర మొదలుపెట్టాలి, అదంతా అయ్యేసరికి టీ చల్లారిపోతుంది. మీకైతే ఆ ఇబ్బంది లేదు, టీ తాగుతూనే చదవొచ్చు.

అత్త అంటే మా నాన్నకు అక్క. పెళ్ళయినప్పటినుంచీ కోదాడలోనే ఉంటుంది, ఎనభైకి దగ్గర పడింది. రెండేళ్ళ కిందట, వానాకాలం చివర్లో, ఆమె మోకాళ్ళు రెండూ అరిగిపోయాయని, మార్చడం తప్ప దారి లేదని డాక్టర్ చెప్పాడు. ఆపరేషన్ అంటే భయపడుతుందేమోనని ఇంట్లో వాళ్ళంతా ఆమె చుట్టూ కూర్చుని ధైర్యం చెప్పారట. ఆమెకు పట్టుకున్న దిగులు వేరు. మిర్యాలగూడలో ఉన్న నాకు ఫోన్ చేసి, "కోడలా, నువ్వు కారు నేర్చుకున్నావంట గదా, మనుషుల్ని ఎక్కించుకునేంత వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాను. "అయితే పెత్రమాసకు నన్ను మా ఊరికి తీసుకపో. మా నాయిన బొంద కాడ ఒక్క రేక కల్లు నా చేత్తో పోసొస్తా. ఆ తర్వాత ఆ డాక్టరు ఏం కోసుకుంటాడో కోసుకోమను" అంది. ఆపరేషన్ అయ్యాక హాయిగా నడుచుకుంటూ పోవచ్చు కదా అత్తా అన్నాను. "ఇనుప మోకాళ్ళతో పోతే నాయిన నన్నెట్లా గుర్తుపడతాడే" అంది. మర్నాడే కారు సర్వీసింగుకు ఇచ్చాను.

సమాధి అనేది పేపర్లో చదివే మాట. మా ఇళ్ళల్లో బొంద అంటారు. పోయినవాళ్ళను సొంత చెలకలోనే, అంటే మెట్టపొలంలోనే పెట్టుకోవడం మా వాళ్ళ ఆనవాయితీ. బతుకమ్మ మొదలయ్యే రోజున వచ్చే పెద్దల అమావాస్యే మా నోళ్ళలో పెత్రమాస. ఆ రోజు బొంద కడిగి, పసుపు కుంకుమలు చల్లి, పోయిన మనిషికి బతికుండగా ఏది ఇష్టమో అది తీసుకుపోయి పెట్టాలి. ఇందులో మొహమాటాలు ఉండవు. బీడీలు తాగినాయనకు బీడీ వెలిగించి పెడతారు. మా వీధిలో ఒక ముసలామె షుగర్ జబ్బుతో పోయింది. బతికున్నన్నాళ్ళూ ఆమె చేతిలోంచి జిలేబీ గుంజుకున్న కోడలే, ఇప్పుడు ప్రతి ఏడూ జిలేబీలు పొట్లం కట్టించుకుని పోయి, "ఇగ తిను అత్తమ్మా, ఇప్పుడేం గాదు" అని పెట్టి వస్తుంది. మా తాతకు ఇష్టమైంది కల్లు. అదీ గ్లాసులో పోస్తే ఒప్పుకునేవాడు కాదట. తాటాకును దోనెలా మడిచి చేతుల్లో పట్టుకుంటారే, ఆ రేకలోనే తాగాలి. గ్లాసులో తాగేవాడికి కల్లు గురించి మాట్లాడే హక్కే లేదనేవాడట. నేను పుట్టకముందే ఆయన పోయాడు కాబట్టి ఇదంతా అత్త నోట విన్నదే.

తాతకు ఒక అన్న ఉండేవాడు, మా పెదతాత. మెడలో తులసి పూసలు, ఏకాదశికి ఉపవాసం, ఉల్లిగడ్డ కూడా ముట్టని మనిషి. అన్నదమ్ముల చెలకలు పక్కపక్కనే, నడుమ గట్టు, గట్టు మీద ఒక తాటిచెట్టు. ఎక్కడైనా గట్టు మీద చెట్టు గురించి తగాదా వస్తే నాదంటే నాదని వస్తుంది. మా వాళ్ళది అట్లా కాదు. చెట్టు నాకూ వద్దు నీకూ వద్దు, కొట్టేద్దాం, అప్పుడైనా నువ్వు తాగుడు మానతావని పెదతాత. చెట్టు మీద గొడ్డలి పడితే నా మీద పడ్డట్టేనని తాత. ఇద్దరూ ఆ చెట్టు నీడలోనే నిలబడి ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నారు. చివరికి తమ్ముడు ముందు, ఆ మరుసటేడు అన్న పోయారు. ఎవరి చెలకలో వాళ్ళను, గట్టుకు అటొకరిని ఇటొకరిని పెట్టారు. ఆ చెట్టు కూడా, కాలువ తవ్వేటప్పుడు యంత్రం తగిలి ఎవరినీ అడక్కుండా పడిపోయింది.

తగాదా మాత్రం కొడుకులకు దిగింది. మా నాన్నా, పెదతాత కొడుకూ బావినీళ్ళ దగ్గర మాటామాటా అనుకుంటే పెద్దమనుషులు కూర్చుని పంచాయితీ తెంపారు. ఆ తీర్పు అత్తకు నచ్చలేదు. కోదాడ నుంచి వచ్చి మా నాన్నను నిలదీసిందట. "పెండ్లయి పోయిన ఆడబిడ్డవు, పుట్టింటి పంచాయితి నీకెందుకు" అని మా నాన్న అన్నాడు. "అట్లయితే మీ ఊరు మీరే ఉంచుకోండ్రి" అని అత్త వెళ్ళిపోయింది. అంతే, మళ్ళీ ఆ ఊళ్ళో అడుగుపెట్టలేదు. సూర్యాపేట ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళిళ్ళకు వచ్చేది, నాన్నతో మాట్లాడేది, మాకు గాజులు కొనిచ్చేది. ఊరి మాటెత్తితే మాత్రం పప్పులో ఉప్పు ఎక్కువైందని మాట మార్చేది. అది భూమి తగాదా అని మాకు తెలుసు, అందులో ఆమెకు అంతగా నొప్పి కలిగించిందేమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. పెదతాత ఇంటివాళ్ళతో మాకు రాకపోకలే లేవు. మా నాన్న కూడా పెత్రమాసకు ఊరికి పోయేవాడు కాదు. మిర్యాలగూడలో మా మేడ మీద, ఉత్తరం దిక్కుకు తిరిగి దీపం పెట్టి, పిట్టగోడ మీద రేకలో కల్లు పోసి, కాసేపు నిలబడి దిగి వచ్చేవాడు. ఊరికి ఎందుకు పోవని అడిగితే మిల్లులో పని ఉందనేవాడు. మిర్యాలగూడలో బియ్యం మిల్లుకు ఎప్పుడూ పని ఉంటుంది కాబట్టి నమ్మేవాళ్ళం.

పెత్రమాస నాడు తెల్లారగానే బయల్దేరాను. మిల్లుల తవుడు వాసన హుజూర్‌నగర్ దాకా కారులోనే కూర్చుని వచ్చింది. కోదాడలో అత్త పట్టుచీర కట్టుకుని, మోకాళ్ళకు పట్టీలు వేసుకుని, గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుని ఉంది. ముందు సీట్లో కూర్చోబెట్టాను. ఆ తప్పు మళ్ళీ చేయను. ఎదురుగా లారీ కనిపిస్తే చాలు, లేని బ్రేకును కాలితో తొక్కేది, తొక్కితే మోకాలు నొప్పి, నొప్పి పుడితే నాకు తిట్లు. "కారును నువ్వు నడుపుతున్నావా, నిన్ను కారు నడుపుతోందా?" అంది. చెప్పదగిన ఇంకో సంగతేమిటంటే, కోదాడలో "బయలుదేరదామా" అన్న మనిషి మునగాల దాటేసరికి "జర మెల్లగ పోనియ్" అంది, సూర్యాపేట ఊళ్ళోకి వచ్చేసరికి "గీడ తిప్పు, గాడ ఆపు" అంటోంది. ఇన్నేళ్ళ కోదాడ మాట ఆమె మీదినుంచి హైవే పొడుగునా రాలిపోయింది. నేను నవ్వితే, "ఏందే నవ్వుతున్నవ్, తొవ్వ సూడు" అంది.

సూర్యాపేటలో చిన్నాయనను ఎక్కించుకోవాలి. మా నాన్నకు తమ్ముడు, అందరికంటే చిన్నవాడు, తాత పోయినప్పుడు ఇంకా బడికి కూడా పోని పిల్లవాడు. చెలక ఆయన వాటాకు వచ్చింది, మా నాన్న పోయాక పెత్రమాస కూడా ఆయన వాటాకే వచ్చింది. అక్కను చూడగానే వంగి కాళ్ళు మొక్కి, "అక్కా, నాయిన బొందకు టైల్స్ ఏయించిన, సూస్తె నువ్వే మెచ్చుకుంటవ్" అన్నాడు. బాత్రూముకు తెచ్చినవి మిగిలితే వేయించానని చిన్నమ్మ వెనకనుంచి సవరించింది. అత్తకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మంచిపని చేసినవ్ రా. మీరు మీరు కలిసిపోయిండ్రన్నమాట" అంది. ఎవరు ఎవరితో కలిసిపోయారో చిన్నాయనకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. పెద్దామె కదా ఏదో అన్నదనుకున్నాం. నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటూ ఆమె అక్కడున్న నల్లటి గుండ్రాయి మీద మడమ రుద్దుకుంది. అది మా నాయనమ్మ విసుర్రాయిలో కిందిరాయి, మధ్యలో ఇనుప మేకు ఇంకా మిగిలి ఉంది. పైరాయి ఏమైందని చిన్నప్పుడు అడిగితే, చిన్నాయన తనకు తెలిసినప్పటినుంచీ అది ఒంటిరాయేననేవాడు. అత్త దాన్ని చేత్తో ఒకసారి తడిమి, చిన్నమ్మ పెట్టిన గారెలు తినడానికి లేచింది.

ఊరు తుంగతుర్తి వైపు. కారు దిగేసరికి అత్త తికమకపడింది. ఆమె వదిలివెళ్ళినప్పుడు అవన్నీ ఆముదాలు, జొన్నలు పండే ఎర్రచెలకలు. ఇప్పుడు కాలువ వచ్చి, కనుచూపు మేర వరి. "ఇన్ని నీళ్ళు ఏడికెల్లి తెచ్చిండ్రే" అని నోరు తెరిచి చూసింది. బండి పోయే దారి కాలువ దగ్గరే అయిపోతుంది, అక్కడినుంచి పొలం గట్ల మీద నడవాలి. నిన్నటి వానకు గట్లు మెత్తగా ఉన్నాయి. వీపు మీద మోసుకుపోతానన్నాడు చిన్నాయన. "నిన్ను నేను మోసిన, నన్ను నువ్వు మొయ్యకు, నడుం వడతది" అంది. నా భుజం పట్టుకుని, పది అడుగులు వేసి, నిలబడి, ఊపిరి తీసుకుని, మళ్ళీ వేసింది. నొప్పి ఆమె పెదవుల దగ్గర కనిపిస్తూనే ఉంది. వెనక్కి పోదామా అని నేను అడగబోతే, "నోరు తెరవకు" అంది, నేను తెరవకముందే. చిన్నాయన కల్లు లొట్టి భుజాన పెట్టుకుని ముందు పోయాడు.

గట్టుకు రెండు వైపులా రెండు బొందలు కనిపించాయి. పడమటిది చిన్నాయన టైల్స్ వేయించింది, నీలం రంగు, చేపల బొమ్మలు, ఎండకు తళతళలాడుతోంది. తూర్పుది మట్టితో అలికి, ముగ్గు పెట్టి, బంతిపూలు పరిచి ఉంది. అక్కడ మాకు వీపు తిప్పి ఒకామె కూర్చుని విస్తరి వడ్డిస్తోంది. పెదతాత కోడలు, నాకు పెద్దమ్మ వరస. పెదతాత పోయాక ఆ ఇంటికి కోడలుగా వచ్చింది, ఆమె భర్త కూడా ఇప్పుడు లేడు. ఏటా అదే రోజు అదే సమయానికి గట్టుకు అటు ఆమె, ఇటు చిన్నాయన, ఒకరినొకరు చూడనట్టే ఉంటారట. చిన్నాయన అప్పటికే మొదటి రేక బొంద మీద పోసి, రెండోది ప్రసాదమని తాను తాగి, తండ్రితో మాట్లాడుతున్నాడు. ఇది ఆయనకు ఏటా అలవాటు, ఊరి సంగతులూ ఇంటి సంగతులూ అన్నీ చెబుతాడు. "నాయినా, అక్క వచ్చింది. ఇన్నేండ్లకు వచ్చింది. అంత నీ అన్న వల్లనే గదనే. ఆయన చెట్టు కాడ లొల్లి పెట్టకపోతె మనకీ పరేషాన్ ఉంటుండెనా? మనిషి మంచోడు కాదు నాయినా, నువ్వే మెత్తగున్నవ్" అంటున్నాడు.

అత్త గట్టు మీదే ఆగిపోయింది. "ఎవరికి చెప్తున్నవ్ రా గదంత?" అంది. నాయినకు అన్నాడు చిన్నాయన. "నాయిన ఆడ లేడు." "ఆడ లేకపోతే ఏడ పోతడక్కా, దిగు, మెల్లగ" అని చెయ్యి చాపాడు. అత్త ఆ చెయ్యి పట్టుకోలేదు. తూర్పు వైపుకు తిరిగి, "నాయిన ఈడున్నడు. నువ్వు తాగిపిస్తున్నది పెదనాయనకు. ఆయన మీద ఆయనకే ఫిర్యాదు చేస్తున్నవ్" అంది.

చిన్నాయన చేతిలో రేక చేతిలోనే ఉండిపోయింది. మన చెలకలో ఉన్న బొంద మన నాయినది కాకుండా ఎట్లా పోతుందన్నాడు. అప్పుడు చెప్పింది అత్త, నేను పుట్టినప్పటినుంచీ మా ఇంట్లో ఎవరూ చెప్పని మాట. ఆనాడు పెద్దమనుషులు తెంపిన పంచాయితీ ఏమిటంటే, బావి తగాదా తీరడానికి రెండు చెలకలు మార్చుకోవాలని. ఇటుది అటు, అటుది ఇటు అయింది. బొందలను మాత్రం ఎవరు మారుస్తారు? "నాయినను వాళ్ళకిచ్చి పెదనాయనను తెచ్చుకుంటరా అని నేను కొట్లాడిన. నీకెందుకన్నడు మీ అన్న. ఆయనకూ తెలుసు, పెదనాయన కొడుకుకూ తెలుసు. గట్టు దాటనీకి ఇద్దరికీ మనసు రాలే. నువ్వు పోరగానివి, నీకెవరు చెప్పలే. టైల్స్ ఏయించిన అంటే నువ్వు గట్టు దాటినవ్, అందరు కలిసిపోయిండ్రు అనుకుంటి గదరా" అంది. నాకు మా మేడ మీద ఉత్తరానికి తిరిగి నిలబడిన మా నాన్న గుర్తొచ్చాడు. మిల్లులో పని.

ఇదంతా వింటున్న పెద్దమ్మ మా వైపు తిరగలేదు గానీ వడ్డించడం ఆపింది. వరిచేనుకు చెబుతున్నట్టుగా, "మా మామకు కల్లు వాసన పడది. ఆ లొట్టి అటే ఉంచుండ్రి" అంది. అత్త గట్టు మీద నిలబడే, "ఓ మరదలా, ఆ తల కాడి రాయి మీది పూలు జర పక్కకు జరుపు. దానికి రెండు రంధ్రాలుంటయ్" అంది. "ఉన్నయ్" అంది పెద్దమ్మ, ఇప్పుడు మాత్రం ఆమె తిరిగి చూసింది. "చిన్నదాంట్ల ఊదుబత్తులు, పెద్దదాంట్ల కర్పూరం. మా మామ భక్తుడు గద, ముందుగాల్నే చేపిచ్చి పెట్టుకున్నడనుకున్న." అత్తకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "అది మా అవ్వ ఇసుర్రాయి. పెద్ద రంధ్రంల జొన్నలు పోసేది, చిన్నదాంట్ల పిడి పెట్టేది" అంది.

తాతను పెట్టిన రోజు పొద్దు గూకేటప్పటికి బొంద మీద పెట్టడానికి పెద్దరాళ్ళు దొరకలేదట. రాయి పెట్టకపోతే నక్కలు తవ్వుతాయి. నాయనమ్మ, అంటే అత్త చెప్పే ఆ అవ్వ, లేచి ఇంట్లో విసుర్రాయి పైరాయి ఎత్తింది. తల్లీ కూతురూ ఇద్దరూ దాన్ని చెలక దాకా దొర్లించుకొచ్చి తల దగ్గర పెట్టారు. ఆ తర్వాత నాయనమ్మ పిండికి పక్కింటికి పోయేది. మీ పైరాయి ఏదని అడిగిన వాళ్ళకు, "మా ఆయన మోస్తుండు" అనేదట. చిన్నాయన అప్పటికి గట్టు మీదికి ఎక్కి వచ్చి, ఆ రాయిని చూసి, "మన నల్లా కాడి రాయి" అని మాత్రం అనగలిగాడు. ఎప్పుడూ అంత తక్కువ మాట్లాడిన మనిషి కాడు.

పెద్దమ్మ విస్తరి వంక చూసింది, నీలం చేపల బొంద వంక చూసింది, మళ్ళీ విస్తరి వంక చూసింది. "బొందను మంచిగ సూసుకో అన్నడు మా ఆయన. ఎవరిదో చెప్పలే. మామదే అనుకుంటి. ఇన్నేండ్ల సంది ఉల్లిగడ్డ లేకుండ వండి, పొద్దుగాల సంది ఉపాసముండి, కల్లు తాగే మనిషికి పరమాన్నం పెడుతున్ననా?" అంది. చిన్నాయన తలవంచుకుని, "నేను మీ మామకు లొట్టికి లొట్టి తాగిపించిన వదినె" అన్నాడు. ఆ మాటతో ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. చిన్నాయన గట్టు మీద కూలబడి నవ్వాడు. నేను నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. పక్క మడిలో కలుపు తీస్తున్నవాళ్ళు నడుములు ఎత్తి, పెత్రమాస నాడు బొందల దగ్గర ఈ నవ్వులేమిటా అని చూశారు.

అత్త ఒక్కతే ఇంకా అక్కడే నిలబడి ఉంది. గట్టు అటువైపు బాగా వాలు, జారుడు మట్టి. ఆమె ఒక కాలు దించబోయి, మోకాలు ఒప్పుకోక ఆగింది. అంత దూరం వచ్చి, తండ్రికి నాలుగడుగుల దూరంలో నిలబడిపోతుందేమో అనుకున్నాను. కిందికి దూకి పట్టుకుందామని నేను చెప్పులు విప్పుతుండగానే పెద్దమ్మ లేచి వచ్చింది, పరమాన్నం చేతిని చీరకు తుడుచుకుని పైకి చాపింది. "చెయ్యియ్యి వదినె, నా మీద బరువెయ్యి" అంది. అత్త బరువంతా వేసింది. ఆ ఇంటి చెయ్యి మా ఇంటివాళ్ళు పట్టుకోవడం నా ఎరుకలో అదే మొదటిసారి.

చిన్నాయన కొత్త రేక మడిచి, కల్లు నింపి, గట్టు మీదినుంచి అందించాడు. అత్త కూర్చోలేదు, కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టం. నిలబడే, రెండు చేతులతో రేక పట్టుకుని, విసుర్రాయి పక్కన మెల్లగా పోసింది. నురుగు మట్టిలోకి ఇంకిపోయేదాకా చూసింది. "నాయినా, ఆలస్యమైంది. మోకాళ్ళు మంచిగున్నప్పుడు బుద్ధి మంచిగ లేకుండె" అంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ముఖమంతా తేటపడి, పెళ్ళికి ముందు ఆమె ఎట్లా ఉండేదో నాకు ఒక్క నిమిషం కనిపించింది. ఏడ్చింది నేను.

తర్వాత అందరం గట్టు మీద కూర్చుని తిన్నాం, అత్తను లేవడానికి సులువుగా అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టాం. చిన్నమ్మ కట్టిచ్చిన మాంసం కూర, పెద్దమ్మ పరమాన్నం, గారెలు. ముందు రెండు బొందల మీదా రెండూ పెట్టారు, ఏది ఎవరికి కావాలో వాళ్ళే చూసుకుంటారని. చిన్నాయనకు మాత్రం ముద్ద దిగడం లేదు. "పెదనాయన బొంద పాలు పోసి కడుగుత అక్కా. ఇయ్యాల్టి నుంచి ఆయనకు కల్లు బంద్" అన్నాడు. అత్త వేళ్ళు నాకుతూ ఆలోచించింది. "ఇన్నేండ్లు అలవాటు చేసి, ఒక్కపారే బంద్ పెడితే ఆగమైతడు రా. కొద్దికొద్దిగ తగ్గియ్" అంది. పెద్దమ్మకు పరమాన్నం పొలమారింది. ఆమె వీపు నిమిరింది అత్తే.

ఆ నెలలోనే ఆపరేషన్ అయింది. నిరుడు పెత్రమాసకు అత్త కారు ముందు సీట్లోనే కూర్చుంది, బ్రేకు మాత్రం తొక్కలేదు, కొత్త మోకాళ్ళు పాడవుతాయని. గట్ల మీద మాకంటే ముందు నడిచింది. పెద్దమ్మ ఎదురొచ్చింది. రెండు ఇళ్ళ పిల్లలకు వరసలు తెలియక అక్కలను వదినలనీ, వదినలను అక్కలనీ పిలుస్తుంటే సరిచేయడానికే సగం పూట పట్టింది. నీలం చేపల బొంద మీద చిన్నాయన రేకలో సగమే పోశాడు, మాట ప్రకారం. తాతకు రెండు రేకలు. చిన్న రంధ్రంలో ఊదుబత్తులు, పెద్దదాంట్లో కర్పూరం అట్లాగే ఉంచాం, పిడికి ఎట్లాగూ ఇప్పుడు పనిలేదు. తిరిగి వస్తుంటే అడిగాను, నాయిన గుర్తుపట్టాడా అత్తా అని. "నన్ను కాదు, కల్లును గుర్తువట్టిండు" అంది.

హోటల్లో టీ డబ్బులిచ్చి వస్తూ ఆ విసుర్రాయి మీద ఒకసారి చెయ్యి వేసి వచ్చాను. ఈ ఏడు కూడా పెత్రమాస దగ్గరపడుతోంది, కారు సర్వీసింగుకు ఇవ్వాలి. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గానీ, గట్టుకు అటొకటి ఇటొకటి ఉన్న ఆ రెండు బొందలు మాత్రం మా అత్త మోకాళ్ళు అరిగేదాకా ఆగాయి.